అత్తగారి మీదకి తోసేస్తే సరి!

"ఆడదానికి ఆడదే శత్రువు" అన్న మాట మన ఇళ్ళలో వినపడని నెల ఉంటుందా? కట్నం ప్రసక్తి రాగానే, పడకకుర్చీలో పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని, "మాదేముందండీ, అడిగేది అత్తగారు, ఎత్తిపొడిచేది ఆడపడుచు. అంతా మీ ఆడవాళ్ళే!" అని తీర్పు చెప్పేసి మళ్ళీ పేపర్లో తల దూర్చేస్తాడు. మనమూ అవునవునంటాం. సిద్ధాంతాలూ, రాజకీయ వాదాలూ కాలేజీ లెక్చరర్ల గొడవ, మనకెందుకులే అనుకుంటాం గానీ, అలా తల ఊపినప్పుడే ఒక సిద్ధాంతానికి ఊ కొట్టేశామని తోచదు. అవును, అదీ సిద్ధాంతమే. కాకపోతే ఎవరూ పరీక్ష పెట్టని సిద్ధాంతం.

చీర కొనడానికి వెడితే పది తీయించి, వెలుతుర్లో పట్టి చూసి, రంగు దిగుతుందా అని రెండుసార్లు అడిగిగాని డబ్బివ్వం. మన బతుకుల గురించి చెప్పే మాటని మాత్రం మొదటిదే మూట కట్టించుకుని వచ్చేస్తామేం? మరో నాలుగు తీయించి చూద్దాం. కట్నం గురించి మన గోదావరి జిల్లాల వాళ్ళకి ఒకరు చెప్పాలా!

నూరూ నూట యాభై ఏళ్ళ కిందట మన పల్లెల్లో చాలా రైతు కుటుంబాలు, పనిపాటల కులాలవాళ్ళు ఓలి ఇచ్చి పిల్లని తెచ్చుకునేవారు. అంటే డబ్బు చేరేది పిల్ల వైపుకి. బ్రాహ్మణ కుటుంబాల్లో పసిపిల్లల్ని ముసలివాళ్ళకి అమ్ముకునే ఘోరం మీదే గదా గురజాడవారు నాటకం రాసింది! 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు దాన్ని. ఇప్పుడు చెప్పండి, ఆ రోజుల్లో అత్తగార్లు లేరా? ఆడపడుచులు పుట్టలేదా? అత్తగారి గుణమే కట్నానికి మూలమైతే, ఓలి పోసి కోడల్ని తెచ్చుకున్న ఆ అత్తగారి గుణం ఏమైపోయినట్టు?

కాబట్టి మారింది గుణం కాదు. ఎం.ఎన్. శ్రీనివాస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1980లలో కట్నం మీద ప్రత్యేకంగా ప్రసంగించాడు. ఇప్పటి కట్నం పాతకాలపు స్త్రీధనం కాదు, ఇంగ్లీషువాళ్ళ పాలనలో వచ్చిన డబ్బు చలామణీ, చదువులు, జీతపు ఉద్యోగాలు తెచ్చిపెట్టినది అని ఆయన వాదం. ఇది మన డెల్టాకి కొలిచి కుట్టిన రవికలా సరిపోతుంది. 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశారు. కాలవల కింద పొలాలు పండాయి. పంట బజారుకెళ్ళింది, డబ్బు ఇంటికొచ్చింది, కొడుకు రాజమండ్రి, కాకినాడ కాలేజీలకెళ్ళాడు. జీతగాడైన అల్లుడికి ధర పలికింది. కలిగినవాళ్ళు పై కులాల మర్యాదలు అందుకుంటారని కూడా శ్రీనివాసే అన్నాడు. అలా ఓలి నామోషీ అయింది, కట్నం గొప్పయింది. బాగానే ఉంది. అయితే ఈయన కట్నం ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పినంత వివరంగా, అది ఎవరికి కలిసొస్తోందో చెప్పలేదనిపిస్తుంది నాకు.

అంబేద్కర్ 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన వ్యాసంలో ఇంకో తాళంచెవి ఉంది. పెళ్ళి కులం దాటకుండా కంచె కట్టడమే కులానికి ప్రాణమనీ, సతీ, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం ఆ కంచెకి కొట్టిన మేకులనీ ఆయన తేల్చాడు. కట్నం మాట ఆయనది కాదు, నేను కలుపుతున్నాను. కంచె లోపల ఉద్యోగస్థులు ఐదుగురే ఉండి, పిల్లల తండ్రులు యాభైమంది అయితే వేలంపాట కాక ఏమవుతుంది?

ఇక సంస్కర్తల దారి. మనసులు మార్చాలంటారు వాళ్ళు. 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వంటవాళ్ళూ, నీళ్ళు తెచ్చేవాళ్ళూ రామన్నారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నించి నీళ్ళు మోసుకొచ్చి వంట చేసింది. మరి ఆవిడ ఆడదేనా, కాదా? ముక్కూమొహం తెలియని ఒక ఆడపిల్ల కోసం బిందె మోసిన మనిషిని మన సామెత ఏ గదిలో కూర్చోబెడుతుంది? అయినా మనసుల్నే నమ్ముకుంటే కాదని 1961లో చట్టం చేశారు. ఇచ్చినా తప్పే, పుచ్చుకున్నా తప్పే అంది చట్టం. మనవాళ్ళు దానికి 'లాంఛనాలు' అని పేరు మార్చేశారు.

అంతమాత్రాన అత్తగార్లంతా దేవతలని నేననను. పీడించేవాళ్ళు పీడిస్తున్నారు. ఎందుకన్నదే ప్రశ్న. టర్కీకి చెందిన డెనిజ్ కండియోటి అనే ఆవిడ 1988లో దీనికి జవాబు రాసింది. కోడలుగా అణిగి ఉన్న మనిషికి ఆ ఇంట్లో దక్కే అధికారమల్లా రేపు కొడుకు ద్వారా, కోడలి మీదే. అందుకే ఆ పద్ధతిని తానే కాపలా కాస్తుందిట. మన వీధరుగు మీద కూచుని చూసి రాసినట్టు లేదూ?

కాపలాదారు సరే, ఆస్తి ఎవరిదంటారా? అది ఎర్రజెండావాళ్ళు అడిగే ప్రశ్న. ఏంగెల్సు 1884లోనే పుస్తకం రాశాడు, ఆస్తికీ ఆడదాని కట్టుబాట్లకీ ముడి ఉందని. (ఏంగెల్సుని సభలో వల్లించి, పెళ్ళిచూపుల్లో "అంతా నాన్నగారే చూసుకుంటారు" అన్న కుర్రాళ్ళూ లేకపోలేదు.) ముడి విప్పి చూడండి. 1956 చట్టం తండ్రి స్వార్జితంలోనూ, ఆయన వాటాలోనూ కూతురికి భాగం ఇచ్చింది గానీ, ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కొడుక్కే ఉంచింది. ఆ హక్కు కూతురికీ ఉందని మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నించి అమలు, అదీ అప్పటికి పెళ్ళి కానివాళ్ళకే! అంతకు ముందే మూడుముళ్ళూ పడ్డవాళ్ళు 2005లో కేంద్రం చట్టం మార్చేదాకా ఆగారు.

ఇంత చట్టమున్నా కాలవ గట్టు కింద ఎకరం దగ్గరికి వచ్చేసరికి, "నీ వాటా కట్నంలోనే ఇచ్చేశాం కదమ్మా" అని అన్నయ్య కాగితం ముందు పెడతాడు. కట్నం బ్యాంకులో వేసినా, వియ్యంకుడి అప్పు తీర్చినా పిల్ల చేతికి దక్కింది తక్కువ. నేల మాత్రం పుట్టింటి మగవాళ్ళ పేరనే ఉండిపోయింది. ఈ లెక్కలో అత్తగారు ఎక్కడుంది? ఆవిడ అడిగిన గొలుసు మనందరికీ కనిపిస్తుంది. అన్నయ్యకి మిగిలిన ఎకరం ఎవరికీ కనిపించదు. సంతకం చేశాక చీరా సారే పెట్టి పంపుతారు కూడాను.

"సంతకం పెట్టెయ్యవే అని అమ్మే చెప్పింది, చూశారా, అక్కడా ఆడదే!" అంటారేమో. ఆ అమ్మ పేర ఒక్క సెంటైనా ఉందా, ఎవరింట్లో ఉంటోంది, రేపు మంచం పడితే ఎవరు చూడాలి, అదికూడా అడగండి.