చీనీ తోటలో గడ్డికి కొడవలా, మిషనా?

పై వీడియోలో మా తొండూరు పక్క చీనీ తోటలో గడ్డి మిషన్ ఆడించేది చూశారు కదా. చూసినోళ్లు అడిగేది ఒకటే: "అన్నా, కొడవలి మేలా, మిషన్ మేలా?" ముందు ఈ మిషన్లు ఎక్కడి నుంచి వచ్చాయో కొంచెం వినండి.

పచ్చిక కోసే తొలి మిషన్‌కు 1830లో ఇంగ్లండ్‌లో పేటెంట్ వచ్చింది. చేసినాయన స్ట్రౌడ్ ప్రాంతపు ఎడ్విన్ బడ్డింగ్. ఉన్ని మిల్లులో గుడ్డ మీద నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి ఆలోచన వచ్చిందట. అది ఇంటి ముందు పచ్చిక నున్నగా కనపడడానికి. మన కొడవలి పని వేరు. కోసిన మోపు ఎద్దుల ముందుకు పోయేది, పేడై మళ్లీ చేనికే వచ్చేది. మనకు గడ్డి ఎప్పుడూ చెత్త కాదు.

ఇప్పుడు మనం భుజానికి తగిలించుకునే నైలాన్ తీగ మిషన్‌కు మూలం 1971 నాటిది. హ్యూస్టన్‌లో జార్జ్ బల్లాస్ అనే ఆయన, కార్లు కడిగే చోట గిరగిరా తిరిగే బ్రష్‌లను చూసి, రేకు డబ్బాకు చేపలు పట్టే దారం కట్టి చూశాడు. చెట్టు బెరడు దెబ్బతినకుండా చుట్టూ గడ్డి కోయాలని ఆయన కోరిక. తమాషా ఏందంటే, నా తోటలో బెరడు ఒలిచింది ఆ తీగే! రెండేళ్ల మొక్కల మొదళ్లకు ఆనించి ఆడించాను. నాలుగింటికి చుట్టూ బెరడు లేచిపోయింది, రెండు ఎండిపోయాయి. తొందర నాదే.

అయినా గడ్డి మందు కొట్టేదానికంటే మిషన్ వెయ్యి రెట్లు నయం. రొటావేటర్ తోలితే చీనీకి పైపైన ఉండే పీచు వేళ్లు తెగుతాయి. కోసి అక్కడే వదిలితే నేల కదలదు, పాలేకర్ గారు చెప్పే ఆచ్ఛాదన ఉచితంగా దొరుకుతుంది. గింజ కట్టకముందే కోయాలి, అంతే.

మొదలుకు మూరెడు దూరం లోపల మాత్రం కొడవలే. అక్కచెల్లెళ్లు కూర్చొని కోస్తే చెట్టుకు గీత పడదు. ఆ కూలి దండగ అనుకోను.

ఇంకో సంగతి, తెగి పడే నైలాన్ ముక్కలు. అవి కుళ్లవు. ప్రకృతి వ్యవసాయం అంటూనే చేనులో ప్లాస్టిక్ చల్లుకుంటున్నాం, దీని గురించి ఎవరూ మాట్లాడరు. నేను సాళ్ల మధ్య ఇనుప బ్లేడుకు మారాను. రాయి తగిలితే ఎగిరొచ్చి కన్ను పోతుంది. అద్దాలు, బూట్లు లేకుండా పట్టుకోవద్దు, దగ్గర మనిషి ఉంటే ఆడించొద్దు. బ్లేడు బిగించేది వచ్చే వీడియోలో చూపిస్తాను.