‘కన్సెంట్’ అంటే ఒప్పుకోవడమేనా?

మొన్నామధ్య ఒక శిక్షణ శిబిరంలో ‘కన్సెంట్’ అన్న మాట బోర్డు మీద రాసి, దీన్ని తెలుగులో ఏమంటారని అడిగాను. చాలామంది ‘ఒప్పుకోవడం’ అన్నారు. కరపత్రాలు రాసే అలవాటున్న ఇద్దరు మాత్రం ‘సమ్మతి’ అన్నారు. వెనక వరసలోంచి ఒకావిడ లేచి, “మా ఊరి పిల్లని స్టేషన్లో అదే మాట అడిగారు మేడమ్, ‘ఒప్పుకున్నావా లేదా’ అని. తప్పు ఒప్పుకోమంటున్నారనుకుని అది భయంతో నోరు విప్పలేదు. మాట్లాడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని వాళ్లు తేల్చేశారు” అంది.

నేరం ఒప్పుకుంటాం, అప్పు ఒప్పుకుంటాం, సంబంధం ఒప్పుకుంటాం. అన్నిటికీ ఒకటే క్రియ. దానికి తోడు మౌనం అర్ధాంగీకారమన్న సామెత ఉండనే ఉంది. అలాగని తెలుగు పేదదేమీ కాదు. లొంగిపోవడం, తలొగ్గడం, సర్దుకుపోవడం, ఇష్టపడటం అని ఎంత సూక్ష్మంగా విడదీసుకున్నామో చూడండి. చట్టం మాట్లాడేటప్పుడే వీటన్నిటినీ మూటగట్టి ‘అంగీకారం’ అనేస్తాం. ఒకప్పుడు నేను రాసిన చిన్న పుస్తకంలో ‘కన్సెంట్’కీ ‘సబ్మిషన్’కీ కూడా ఆ ఒక్క మాటే వాడాను. ఎవరూ పట్టుకోలేదు, నేనూ చూసుకోలేదు.

ఇంగ్లీషు వచ్చినంత మాత్రాన ఈ తేడా తెలుస్తుందనుకోకండి. 1972లో మహారాష్ట్రలో పోలీసు స్టేషన్లోనే అత్యాచారానికి గురైన మథుర అనే ఆదివాసీ అమ్మాయి కేసులో, ఆమె ఒంటి మీద గాయాలు లేవని, ప్రతిఘటించిన ఆనవాళ్లు లేవని 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనీ విడిచిపెట్టింది. 1979లో ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగమ్‌వార్, రఘునాథ్ కేల్కర్ రాసిన బహిరంగ లేఖ సరిగ్గా ఈ మాట మీదే నిలదీసింది: సమ్మతిలో లొంగుబాటు ఉండొచ్చు గానీ, లొంగిన ప్రతిసారీ సమ్మతి ఉన్నట్టు కాదు. ఆ తర్వాత జరిగిన ఉద్యమం ఫలితంగా 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీలో జరిగిన అత్యాచారం కేసుల్లో, తాను సమ్మతించలేదని ఆమె కోర్టులో చెబితే కోర్టు ఆ మాటనే తీసుకోవాలి. తప్పని రుజువు చేసుకోవాల్సింది నిందితుడే.

2013 సవరణ ‘కన్సెంట్’కి నిర్వచనమే ఇచ్చింది. మాటతోనో సైగతోనో మరోరకంగానో, ఆ ఫలానా చర్యకి ఇష్టమేనని స్త్రీ స్వచ్ఛందంగా, సందేహానికి తావులేకుండా తెలియజెయ్యాలి. పెనుగులాడలేదన్న ఒక్క కారణంతో సమ్మతించిందనడానికి వీల్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్లోనూ ఈ నిర్వచనం ఉంది. ఆ పక్కనే, భార్య వయసు 18 నిండితే భర్త చేసింది అత్యాచారం కాదన్న మినహాయింపూ ఉంది. ఇంత జాగ్రత్తగా నిర్వచించిన మాటకి ఇంటి గడపలోపల మాత్రం చెల్లుబాటు లేదన్నమాట.

ఫిర్యాదు రాసిపెట్టే కార్యకర్తలకి నేను చెప్పేది ఒక్కటే. ‘నేను సమ్మతించలేదు’ అన్న పంతులు భాష ఆమె నోట్లో పెట్టకండి. అది ఆమె మాట కాదు, క్రాస్ ఎగ్జామినేషన్లో అర్థం అడిగితే తడబడుతుంది. ‘ఒప్పుకోలేదు’ అని వదిలెయ్యకండి. ‘వద్దన్నాను’, ‘చెయ్యి తోసేశాను’, ‘పిల్లాడు లేస్తాడని అరవలేదు’, ‘భయంతో కదల్లేకపోయాను’ అని ఆమె ఎలా చెబితే అలాగే రాయండి. ఆ చివరి రెండు వాక్యాలు కేసుని బలహీనపరుస్తాయని కొట్టేసే వకీళ్లని చూశాను. కొట్టెయ్యనివ్వకండి. 2013 తర్వాత చట్టానికి కావలసిన వాక్యాలు అవే.