శిశుపోషణము: ముక్కును మరువరాదు

ముద్దాడినప్పుడు బిడ్డ చర్మ ముప్పగానుండి, దగ్గు వదలకున్నచో వైద్యునిచే చెమట పరీక్ష చేయింపవలయును. సిస్టిక్ ఫైబ్రోసిస్ అను నీ వ్యాధి తల్లిదండ్రు లిరువురినుండియు వచ్చు జన్యుదోషము. ఇందు జిగురైన శ్లేష్మము సైనసులను ముఖపుటెముకల గుల్లలలో నిలిచిపోవును. ఊపిరితిత్తులకై పాటుపడువారు సైతము, జలుబేకదా యని ముక్కును మరతురు. అచట దాగిన సూడోమోనాసు క్రిమియే క్రిందికి దిగి ఊపిరితిత్తులను జెరుపగలదు. ముక్కులో పెరిగిన కండలను గోసివేసినను మరల పెరుగుట గలదు. 2019లో అమెరికాలో అనుమతి పొందిన మూడుమందుల మాత్ర, తగినవారికి, సైనసులకును మేలుచేయుచున్నది. దాని వెలయో, మనబోంట్ల కందునదా! వైద్యుని యనుమతితో పావులీటరు నీట చిన్న చెంచాతో అరచెంచా ఉప్పు గలిపి నిత్యము ముక్కు కడుగవలయును. నీరు కాచి చల్లార్చినదై యుండవలెను. పచ్చినీటి అమీబా మెదడున కెక్కి ప్రాణము దీయును. కడుగు పాత్రను దినదినము తోమి యారబెట్టుడు.