బ్యాండ్‌విడ్త్ పంపకాలు: తలకింత అంటే కుదరదు!

మన ఐటీ జనాలకి ఒక లెక్క బాగా వచ్చు. లింకు ఎంత? 120 ఎంబీపీఎస్. దాని మీద ఎన్ని ఫ్లోలు? రెండు. అయితే తలకి 60. అయిపోయింది! ఇంతోటి లెక్కకి సిమ్యులేటర్ ఎందుకు, కాలిక్యులేటర్ చాలదా అని అడక్కండి. సిమ్యులేటర్ నడిపితే రంగురంగుల గ్రాఫు వస్తుంది. గ్రాఫు వస్తే పీపీటీలో పెట్టొచ్చు. పీపీటీలో పెట్టాక ఇక అది నిజమే కదా :)

నేననేది ఒక్కటే. లింకు బ్యాండ్‌విడ్త్‌ని ఫ్లోల సంఖ్యతో భాగించడం మోడల్ కాదు, కోరిక. నెట్‌వర్కు ఇలా ఉంటే ఎంత బావుణ్ణు అనే కోరిక. ఆ కోరిక మీద కెపాసిటీ ప్లాన్లు కడుతున్నాం, లింకులు కొంటున్నాం, ఆఖరికి ఎవరు పని చేస్తున్నారో ఎవరు చేయట్లేదో కూడా తేల్చేస్తున్నాం.

ముందు చిన్న తప్పు సంగతి చూద్దాం. 9 ఎంబీపీఎస్ లింకు, మూడు ఫ్లోలు, తలకి 3. కానీ మూడో ఫ్లో దారిలో ఇంకోచోట 1 ఎంబీపీఎస్ ఇరుకు సందు ఉంది. అది 1 కి మించి పోలేదు. మరి దాని వాటాలో మిగిలిన 2 ఏమైనట్టు? తలకింత లెక్కలో గాల్లో కలిసిపోయినట్టే. అసలు నెట్‌వర్కులో మిగతా రెండు ఫ్లోలూ దాన్ని పంచుకుని చెరో 4 లాగేస్తాయి. ఇరుకులో చిక్కుకున్నవాటి వాటా ముందు ఖాయం చేసి, మిగిలింది మిగతావాటికి మళ్ళీ పంచడాన్నే మాక్స్-మిన్ అంటారు. ఇదేం బ్రహ్మవిద్య కాదు, కాసిని లైన్ల కోడు.

పెద్ద తప్పు వేరే ఉంది. అది దూరం. టీసీపీకి అందరూ సమానం కాదు. అవతల్నించి ప్యాకెట్ అందినట్టు కబురొస్తే ఇంకాస్త ఎక్కువ పంపుతుంది, ప్యాకెట్ పోతే తగ్గుతుంది. కబురు తొందరగా వచ్చేవాడు తొందరగా పెరుగుతాడు. కాలవ మొదట్లో తూము దగ్గర పొలం ఉన్నవాడి మడి ముందు తడుస్తుంది. చివరి ఆయకట్టు రైతుక్కూడా ఎకరానికి ఇంతని కాగితం మీద రాసే ఉంటుంది, నీళ్ళే రావు. తలకింత లెక్క వేసే సిమ్యులేటర్ ఆ కాగితం లాంటిది.

మాథిస్, ఆయన సహచరులు 1997 లోనే దీనికి సూత్రం రాశారు. ప్యాకెట్ నష్టం ఇద్దరికీ ఒకేలా ఉంటే, రీనో తరహా టీసీపీ వేగం రౌండ్ ట్రిప్ సమయానికి విలోమానుపాతంలో ఉంటుంది. సర్వర్ వర్జీనియాలో ఉందనుకోండి. అక్కడి పక్క ఊరివాడికి రౌండ్ ట్రిప్ 20 మిల్లీసెకన్లు, హైదరాబాదులో కూర్చున్నవాడికి 220. అంటే 11 కి 1. మన 120 లింకులో వాడికి 110, వీడికి 10! రిపోర్టులో మాత్రం చెరో 60.

ఇప్పుడేమవుతుందో తెలుసుగా. ఫైల్ దిగడం లేటు, బిల్డు లేటు, డెలివరీ లేటు. "అందరికీ సమానంగానే బ్యాండ్‌విడ్త్ ఇచ్చాం, సిమ్యులేషన్‌లో చూసుకున్నాం కదా, మరి ఆఫ్‌షోర్ టీమే ఎందుకు స్లో?" అన్న ప్రశ్న వస్తుంది. లింకు మీద పడాల్సిన నింద మనుషుల మీద పడుతుంది. తప్పుడు పంపకం లెక్క మీద నాకున్న అసలు కోపం ఇదే.

"ఇంకా రీనో ఏంటండీ, ఇప్పుడంతా క్యూబిక్ కదా" అంటారు. నిజమే, లినక్స్‌లో 2006 నుంచీ అదే డిఫాల్టు. క్యూబిక్ దూరం ప్రభావాన్ని తగ్గిస్తుంది కానీ తుడిచెయ్యదు. దాని సూత్రంలో వేగం రౌండ్ ట్రిప్ నాలుగో మూలానికి విలోమంగా ఉంటుంది. పై లెక్కలో పెడితే సుమారు 77, 43. ఇదీ 60-60 కాదు. పైగా ఒకడు డౌన్‌లోడ్ మేనేజరుతో తొమ్మిది కనెక్షన్లు తెరిస్తే, ఫ్లోకింత అనే లెక్కలో వాడికి తొమ్మిది వాటాలు! ఫ్లోలని లెక్కపెట్టి న్యాయం అనడం ఒక మతం లాంటిదని బాబ్ బ్రిస్కో 2007 లోనే గట్టిగా తిట్టిపోశాడు.

ఇంకో వాదన ఉంది. "ఒక్కో ప్యాకెట్‌ని సిమ్యులేట్ చేస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది, సాయంత్రానికి మేనేజరుకి అంకె కావాలి." ఒప్పుకుంటా. ఎన్ఎస్-3 లాంటి వాటిలో పెద్ద నెట్‌వర్కు నడపడం ఓపికతో కూడిన పనే. ప్యాకెట్ స్థాయికి దిగితే అంతా నిజమైపోతుందనీ కాదు. సిమ్యులేషన్‌లో అన్నీ గడియారం కొట్టినట్టు జరిగితే, నిండిన క్యూ ఎప్పుడూ ఒకే ఫ్లో ప్యాకెట్లని పారేసే వింత పుట్టొచ్చని ఫ్లాయిడ్, జాకబ్సన్ 1990ల మొదట్లోనే చూపించారు.

కానీ మధ్యే మార్గం ఉందిగా! సిమ్‌గ్రిడ్ చూడండి. అదీ ఫ్లో స్థాయిలోనే పనిచేస్తుంది, వేగంగానే నడుస్తుంది. కానీ మాక్స్-మిన్‌లోనే రౌండ్ ట్రిప్ ఎక్కువున్న ఫ్లోకి తక్కువ వాటా ఇస్తుంది. లింకు సామర్థ్యంలో 97 శాతమే చేతికొస్తుందని ముందే కోసేసుకుంటుంది. ఆ అంకెలు ఎవరి బుర్రలోంచో ఊడిపడలేదు, ప్యాకెట్ స్థాయి సిమ్యులేటర్లతో పోల్చి సరిచూసుకున్నవి. సరళం చెయ్యడం తప్పు కాదు, సరళం చేశామని దాచడం తప్పు.

కాబట్టి ఎవరైనా సిమ్యులేషన్ గ్రాఫు మీ ముందు పెడితే మూడు అడగండి. ఒకటి, లింకుని ఏ సూత్రంతో పంచారు? రెండు, సగటు సరే, అందరికంటే తక్కువ దక్కిన ఫ్లోకి ఎంత వచ్చింది? మూడు, 20 మిల్లీసెకన్ల ఫ్లోనీ 220 ఫ్లోనీ ఒకే లింకు మీద పెడితే మీ సిమ్యులేటర్ ఏమంటుంది? మూడో ప్రశ్నకి "చెరిసగం" అనే జవాబొస్తే, ఆ గ్రాఫు చూసి లింకు కొనకండి. అంతకంటే ముఖ్యంగా, ఆ గ్రాఫు చూసి ఎవర్నీ సోమరి అనకండి.