ఒక అంకె – ఒక అక్షరము

నేతి బీరకాయలో నేయి ఎంత ఉండునో మన పెద్దలు ఏనాడో చెప్పినారు. పేరును చూచి వస్తువును కొనువారికి ఆ సామెత నేటికిని పాఠమే. కంప్యూటరు కొనదలచిన మా విద్యార్థులు కొందరు "ఐ3–10100 మంచిదా, ఐ3–10105 మంచిదా?" అని మమ్ములను అడుగుచున్నారు. ప్రశ్న చిన్నదే. కాని దాని వెనుక ఒక తండ్రి కూడబెట్టిన సొమ్ము ఉన్నది. ఒక తల్లి చీటీ పాడి తెచ్చిన రూపాయలు ఉన్నవి. ఉపకారవేతనము కొరకు నెలల తరబడి ఎదురుచూచిన విద్యార్థి ఆశ ఉన్నది. కావున ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయుట న్యాయము కాదని మాకు తోచినది.

ముందుగా వీటి పుట్టుపూర్వోత్తరములు చూతము. రెండును ఇంటెల్ కంపెనీవారి కోర్ ఐ3 శ్రేణిలోనివే. సామాన్య కుటుంబములకు అందుబాటులో ఉండు శ్రేణి ఇది. 10100 అనునది 2020లోను, 10105 అనునది 2021 మార్చిలోను వెలువడినవి. ఆ 2021లోనే కంపెనీవారు డెస్క్‌టాప్ కంప్యూటర్లకు పదునొకండవ తరము ప్రాసెసర్లను తెచ్చినారు. కాని ఆ కొత్త తరము ఐ5, ఐ7, ఐ9 శ్రేణులకే దక్కినది. ఐ3 కొనువారికి పదవ తరపు సరకునే కొంచెము వేగము పెంచి, కొత్త సంఖ్య తగిలించి అందించినారు. 10105 జన్మరహస్యము ఇంతియే.

ఇక పోలికలు. రెండింటిలోను నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. రెండింటిలోను క్యాష్ 6 మెగాబైట్లే. రెండును 14 నానోమీటర్ల పద్ధతిలో తయారైనవే. రెండును 65 వాట్ల తరగతికి చెందినవే. రెండును ఎల్జీఏ 1200 అను ఒకే సాకెట్టులో అమరును. రెండింటిలోను తెరపై బొమ్మను చూపు గ్రాఫిక్స్ భాగము యూహెచ్‌డీ 630 యే. కవలపిల్లలను తల్లియైనను గుర్తించునేమో గాని, ఈ రెండింటిని పని చేయించి చూచి గుర్తించుట నిపుణులకును కష్టమే.

మరి భేదమేమి? 10100 మూలవేగము 3.6 గిగాహెర్ట్జ్, గరిష్ఠవేగము 4.3. 10105 మూలవేగము 3.7, గరిష్ఠవేగము 4.4. అనగా తేడా ఒక గిగాహెర్ట్జులో పదవవంతు మాత్రమే. దీనిని మన భాషలో లెక్కవేసి చూతము. మొదటిదానిపై మూలవేగమున సరిగా 60 నిమిషములు పట్టు పని, రెండవదానిపై సుమారు 58 నిమిషముల 23 సెకనులలో ముగియును. ఆ పని అంతయు ప్రాసెసరు వేగము మీదనే ఆధారపడినప్పటి మాట ఇది. ఉత్తరము టైపు చేయువానికి, పాఠము వినువానికి, సీ ప్రోగ్రాము వ్రాయువానికి ఈ తేడా కంటికి కనపడదు, చేతికి తెలియదు. ఈపాటి భేదమునకు అదనముగా వందల రూపాయలు చెల్లించుట మా దృష్టిలో వృథా వ్యయము.

"పెద్ద అంకె పెద్దదే కదా, చిన్నదానిని ఎందుకు కొనవలెను?" అని కొందరు వాదింపవచ్చును. వెల సమానమైనచో 10105నే కొనుడు, మాకు అభ్యంతరము లేదు. వెలలో తేడా ఉన్నచో మాత్రము తక్కువ వెలదే మేలు.

అంకెను అంతగా చూచు మనము అక్షరమును మాత్రము చూడము. అసలు ప్రమాదము అక్కడనే ఉన్నది. ఈ రెండు ప్రాసెసర్లకును చివర "ఎఫ్" అను అక్షరము చేర్చిన తోబుట్టువులు కలవు: 10100ఎఫ్, 10105ఎఫ్. కోర్లు, వేగము, క్యాష్ అన్నియు అవే. గ్రాఫిక్స్ భాగము మాత్రము పనిచేయదు. వేరుగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారికి ఆ ప్రాసెసరు నిక్షేపముగా సరిపోవును, వెలయును తగ్గును. కార్డు లేనివారికి తెర నల్లగానే ఉండిపోవును.

ఇది ఊహించి చెప్పుచున్న మాట కాదు. మా విద్యార్థి ఒకడు విడిభాగములు వేరువేరుగా కొని ఇంట బిగించుకొనదలచినాడు. ఒక అంగడిలో "రెండును ఒకటే, ఇది చవక" అని చెప్పి ఎఫ్ రకమును చేతిలో పెట్టినారు. ఇంటికి వచ్చి అన్నియు కలిపి మీట నొక్కగా ఫ్యాను తిరిగినది గాని తెర వెలుగలేదు. మదర్‌బోర్డు చెడినదని తలచి దానిని పట్టుకొని రెండు దినములు తిరిగినాడు. విప్పిన సరుకు వాపసు తీసుకొనమని అంగడివారు చెప్పినారు. తుదకు అప్పు చేసి గ్రాఫిక్స్ కార్డు కొనవలసి వచ్చినది. ఒక అక్షరము చదువనందుకు చవక వస్తువు ఖరీదైన వస్తువుగా మారినది. విద్యాలయములో ఉన్న మనమే అక్షరమును అలక్ష్యము చేసినచో ఇక చెప్పవలసినదేమి?

ఈ పేర్ల గారడి నేటిది కాదు. 1989లో వచ్చిన 486 ప్రాసెసరులో దశాంశ గణనములు చేయు విభాగము కూడ ఉండెడిది. 1991లో 486 ఎస్ఎక్స్ అను చవక రకము వచ్చినది. తొలినాళ్ళలో అది ఆ విభాగము పనిచేయకుండ చేసిన 486 డీఎక్స్ యే. ఆ విభాగము కావలసినవారికి 487 అను మరొక చిప్ అమ్మినారు. నిజమునకు అది సంపూర్ణమైన 486. దానిని అమర్చగానే మొదటిది ఊరక కూర్చుండెడిది. నేటి ఐ3–12100, 13100, 14100 లను చూచినను నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 12 మెగాబైట్ల క్యాష్ మారలేదు. గరిష్ఠవేగము మాత్రము 4.3, 4.5, 4.7గా పెరిగినది. కంపెనీవారిని నిందించుట మా ఉద్దేశము కాదు. వారి పట్టికలలో అన్నియు స్పష్టముగనే ఉన్నవి. చదువకపోవుట మన లోపము.

అట్లయిన మిగిలిన సొమ్ము దేనికి వెచ్చింపవలెను? మొదట ఎస్‌ఎస్‌డీకి. పాత హార్డు డిస్కులో తిరుగు పళ్ళెముపై ఒక ముల్లు కదలి సమాచారమును వెదకవలెను. ఎస్‌ఎస్‌డీలో కదలు భాగములే లేవు. కంప్యూటరు తెరచునపుడు కనిపించు వేగము ఎక్కువగా దీనివలననే. రెండవది ర్యామ్. 8 గిగాబైట్ల కార్డు ఒక్కటి కంటె 4 గిగాబైట్లవి రెండు అమర్చుట మేలు. ఈ ప్రాసెసర్లు సెకనుకు ఒక చానెలులో సుమారు 21 గిగాబైట్లు, రెండు చానెళ్ళలో సుమారు 42 గిగాబైట్లు తీసుకొనగలవు. విడి గ్రాఫిక్స్ కార్డు లేనిచోట తెరపై బొమ్మయు ఆ ర్యామ్ నుండియే రావలెను గదా!

పాత కంప్యూటరు కొనువారు మరొకటి గమనింపవలెను. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో సాధారణముగా ఎనిమిదవ తరము మొదలుకొనియే అంగీకరించును. మనము చెప్పుకొనిన రెండును పదవ తరమువి గనుక ఆ చిక్కు లేదు.

కళాశాల సంచికల పనినే చూడుడు. ఒకనాడు ఉర్దూ పుటలను కాతిబులు కలముతో వ్రాసెడివారు, తెలుగు పుటలకు సీసపు అక్షరములను ఒక్కొక్కటిగా పేర్చెడివారు. నేడు కుడినుండి సాగు నస్తాలీఖు, ఎడమనుండి సాగు తెలుగు ఒకే తెరపై ఒదిగినవి. ఈ పనికి 10100 చాలును. 10105 వచ్చినంత మాత్రమున మన రచనలో ఒక తప్పైనను తగ్గదు.

మా మనవి రెండు మాటలు. కంప్యూటరు విభాగమువారు ప్రతి సంవత్సరారంభమున, కొనదగిన భాగముల వివరములను తెలుగున, ఉర్దూన వ్రాసి నోటీసు బోర్డుపై పెట్టవలెను. మూడవ సంవత్సరపు విద్యార్థి ఒకడు మొదటి సంవత్సరపు తమ్మునికో చెల్లెలికో అంగడి వరకు తోడుగా పోవలెను. సోదర సోదరీమణులారా! డబ్బు చెల్లించుటకు ముందు పెట్టెపై సంఖ్యను ఒకసారి, దాని చివరి అక్షరమును రెండుసార్లు చదువుడు. మీ ఇంటివారి కష్టార్జితమునకు మీరు చేయగల తొలి గౌరవము అదియే.