దిగులు వేరు, జబ్బు వేరు

ఇంట్లో ఎవరైనా కొన్నాళ్ళుగా ముభావంగా ఉంటే మన వాళ్ళ నోట వినిపించే మాటలు రెండే. "నమాజులు సరిగా చదవడం లేదు, అందుకే ఇలా అయింది" అన్నది పాత మాట. "డిప్రెషనట" అన్నది కొత్త మాట. పరీక్షలో మార్కులు తగ్గిన కుర్రవాడూ, కుదిరిన సంబంధం తప్పిపోయిన అమ్మాయీ కూడా ఇప్పుడు ఈ రెండో మాటే వాడుతున్నారు. మొదటిది రోగిని దోషిగా నిలబెడుతుంది. రెండోది బ్రతుకులో సహజంగా వచ్చే బాధకు రోగమని పేరు పెడుతుంది. పిల్లల చదువు గురించి మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు మాటల మధ్యలో ఈ సంగతులే చెబుతుంటారు. అందుకే ఈ వారం దీని గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

దుఃఖం విశ్వాసానికి లోటు కాదు. కొడుకు యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కళ్ళు తెల్లబారిపోయాయని దివ్య ఖుర్ఆన్ చెబుతున్నది. ఆయన ప్రవక్త. అల్లాహ్ కారుణ్యంపై ఆశ వదలలేదు, అలాగని కన్నీళ్ళూ ఆపుకోలేదు. పసికందు ఇబ్రాహీం చనిపోయినప్పుడు మన ప్రవక్త (స) కళ్ళు చెమర్చాయి. హజ్రత్ ఖదీజా (ర), పెదతండ్రి అబూ తాలిబ్ కొద్దికాలం తేడాతో దూరమైన ఏడాదికి దుఃఖ సంవత్సరమనే పేరు నిలిచిపోయింది. షరీఅత్ శోకానికి గడువు కూడా ఇచ్చింది. బంధువు పోతే మూడు రోజులు, భర్త పోతే నాలుగు నెలల పది రోజులు. చావు ఇంట్లో విలపించేవారిని "ఏడవకండి, గునాహ్" అని గద్దించే పెద్దలు ఏ కితాబు చదివి చెబుతారో మాకు తెలియదు. గుండెలు బాదుకోవడం, బట్టలు చింపుకోవడం వద్దన్నారు గాని కన్నీరు వద్దనలేదు. తమ బంధువుల్లో ఎవరైనా మరణిస్తే హజ్రత్ ఆయిషా (ర) తల్బీనా అనే గంజి కాయించి పెట్టేవారు. బాధపడే మనసుకు అది ఊరట.

అయితే అన్ని దుఃఖాలూ ఒకటి కావు. ఈ సంగతి వెయ్యేళ్ళకు ముందే మన పండితుడొకరు గుర్తించారు. ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ క్రీ.శ. 934లో మరణించారు. శరీరానికీ మనసుకూ ఆరోగ్యం ఎలా కాపాడుకోవాలో చెబుతూ ఆయన 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్' అనే గ్రంథం రాశారు. అందులో దుఃఖాన్ని రెండుగా విడదీశారు. ఆప్తులు పోయినప్పుడో, ఆస్తి పోయినప్పుడో వచ్చే దుఃఖానికి కారణం తెలుస్తుంది. రెండో దానికి కారణం కనబడదు, అయినా మనిషిని కమ్ముకుంటుంది. ఈ రెండోది దేహంలోని దోషం వల్ల వస్తుందనీ, దానికి దేహానికే చికిత్స చేయాలనీ ఆయన అన్నారు. రక్తం చెడడమే ఆ దోషమని ఆ కాలపు వైద్యం అనుకున్నది. నేటి వైద్యం అలా అనుకోదు. కానీ మనసుకు వచ్చిన ఈ అవస్థను ఆయన పాపమనలేదు, జబ్బన్నారు. అది గమనించాలి.

ఆయన గీసిన గీతకు నేటి వైద్యం మరొక సంగతి చేర్చింది. కారణం ఉన్నంత మాత్రాన జబ్బు కాదని చెప్పలేం. రాయచోటి వైపు నుంచి ఎందరో ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్ వెళ్తారు. అలా కూతుళ్ళను పంపిన ఇద్దరు తల్లులు ఒకే వీధిలో ఉన్నారనుకుందాం. ఇద్దరికీ దిగులే. ఒకామె రాత్రి ఏడుస్తుంది, పొద్దున లేచి మనవడికి జడ్డలు వేసిన చొక్కా తొడిగి బడికి పంపుతుంది, ఫోనులో బిడ్డ గొంతు వింటే ముఖం విప్పారుతుంది. రెండో ఆమెకు ఫోను మోగినా లేవబుద్ధి కాదు. ఇష్టమైన పులావు పెట్టినా రుచి తెలియదు. తెల్లవారకముందే మెలకువ వచ్చి కప్పు చూస్తూ పడుకుంటుంది. కూతురు తిరిగి వచ్చినా ఆమె తేరుకోదు. దిగులు మొదలైన చోటు ఒకటే, కానీ రెండో ఆమెది ఇప్పుడు జబ్బు.

ఇలాంటి అవస్థ రోజులో ఎక్కువ భాగం, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు మించి సాగితే డాక్టరుకు చూపించాలి. మన ఆడవాళ్ళు మనసు బాగోలేదని చెప్పరు. "దిల్ ఘబ్రారా" అంటారు, తల బరువంటారు, ఒళ్ళు నొప్పులంటారు. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా ఇలాగే ఉండవచ్చు కనుక డాక్టరు ఆ పరీక్షలూ చేయిస్తారు. కాన్పయిన తల్లుల మాట మరీ ముఖ్యం. మొదటి కొద్దిరోజుల్లో ఊరకే కన్నీళ్ళు రావడం మామూలే, అది దానంతటదే తగ్గుతుంది. ఛిల్లా ముగుస్తున్నా బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకుండా, తానెందుకూ పనికిరానని కుములుతుంటే మాత్రం అది నజరూ కాదు, అసరూ కాదు. తాయెత్తు కట్టించి ఆ నలభై రోజులూ గడిపేస్తే నష్టపోయేది తల్లీ బిడ్డా. దుఆ చేయండి, డాక్టరు దగ్గరికీ తీసుకువెళ్ళండి. చికిత్స చేయించుకోమని ప్రవక్త (స) స్వయంగా చెప్పారు కదా.

ఈ జబ్బుకు ఒక దుర్మార్గపు లక్షణం ఉంది. లేని నేరాలను మనిషి నెత్తిన పెడుతుంది. నమాజులో మనసు నిలవదు, చదువుతున్న సూరా మధ్యలో మరచిపోతారు. "నా దుఆ ఖబూల్ కాదు, అల్లాహ్ నన్ను వదిలేశాడు" అనుకుంటారు. అలాంటివారితో "నీ ఇమాన్ బలహీనం" అంటే, జబ్బు లోపల చెబుతున్న అబద్ధానికి మనం బయటనుంచి సాక్ష్యం చెప్పినట్టు అవుతుంది. జ్వరమొచ్చి కూర్చుని నమాజు చదివేవారిని మనం తప్పుపట్టం కదా!

ఇక మామూలు దిగులుకు డాక్టరు అక్కర్లేదు, మనుషులు కావాలి. అప్పుల వాడికి కావలసింది నిద్రమాత్ర కాదు, అప్పు తీరే దారి. కట్నం మాటల్లో ఆగిన నికాహ్‌కు మందు ఏ దుకాణంలోనూ దొరకదు. మహల్లా పెద్దలు, జకాతు సొమ్ము, ఒక పూట వచ్చి పక్కన కూర్చునే ఖాలా, ఇవి చేసే పని మాత్రలు చేయలేవు.

చావు గురించి మాట్లాడే మనిషి విషయంలో మాత్రం ఇది దిగులా, జబ్బా అని తర్కిస్తూ కూర్చోవద్దు. ఆత్మహత్య హరామని ఆ మనిషికీ తెలుసు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నెమ్మదిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరుపై రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మందు మొదలుపెట్టిన వారం రోజులకే "పని చేయడం లేదు" అని మానేసేవారు చాలామంది. ఈ మందుల గుణం కనబడడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. బాగున్నామని ఒక్కసారిగా ఆపినా ఇబ్బందే. రమజాను వస్తున్నదంటే మందులు సొంతంగా ఆపకుండా, సహరీకీ ఇఫ్తారుకూ వేళలు మార్చుకోవచ్చా అని ముందే డాక్టరును అడగాలి. కుదరదంటే రోగికి ఖుర్ఆన్ ఇచ్చిన సడలింపు ఉండనే ఉన్నది. ఆ రోజాలను తర్వాత పూర్తిచేసుకోవచ్చు.