కేసు నగరంలో, కారణం ఊరిలో

వైద్య పత్రికలు ప్రచురించే రచనల్లో కేస్ రిపోర్టుకు, అంటే ఒకే రోగిలో లేదా కొద్దిమందిలో కనిపించిన అసాధారణ స్థితిని వివరించే నివేదికకు, సాక్ష్యంగా దక్కే స్థానం బాగా కింద ఉంటుంది. రోగులను రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి మందును, మరో వర్గానికి మందులా కనిపించే ఉత్తి మాత్రను ఇచ్చి ఫలితాలను పోల్చే క్లినికల్ ట్రయల్ ముందు ఒక్క రోగి చరిత్ర నిలవదన్న వాదన సబబైనదే. అయితే ట్రయల్ జవాబిచ్చేది అప్పటికే తెలిసిన ప్రశ్నకు; అంతవరకు ఎవరికీ తట్టని ప్రశ్నను లేవనెత్తేది చాలాసార్లు కేసే. ఆ ప్రశ్న ముందుకు సాగాలంటే రోగి ఏ నీళ్లు తాగాడో, ఏం తిన్నాడో, ఏ వంశంలో పుట్టాడో తెలియాలి. ఎముకల వైద్యం, పోషకాహార శాస్త్రం, మత్తు వైద్యం అనే మూడు వేర్వేరు శాఖలకు చెందిన, తెలుగు నేలతో ముడిపడిన మూడు పరిశోధనలు ఈ సంగతినే రుజువు చేస్తున్నాయి.

మొదటిది నల్లగొండ ఫ్లోరోసిస్. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. నల్లగొండ, పాలమూరు నేలల అడుగున ఉన్న గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి చేరుతుంది. వానలు తక్కువై నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిపోయినచోట, అందులో కాల్షియం తగ్గి క్షారగుణం హెచ్చినచోట దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. భారతదేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను షార్ట్, ఆయన సహచరులు 1937లో నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించి వివరించగా, నల్లగొండ జిల్లా రోగుల గురించి సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. ఈ తొలి వర్ణనల్లోని జబ్బు లక్షణం ఎముక గట్టిపడడం: వెన్ను బిగుసుకుపోతుంది, కీళ్ల దగ్గర ఎముకలను కలిపే బంధనాలు ఎముకలా మారతాయి, వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడతాయి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో వర్ణించిన రోగులు ఈ చిత్రంలో ఇమడలేదు. వారిలో ఎక్కువమంది ఎదిగే వయసు పిల్లలు; మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ పాదాలు దూరంగా జరిగిపోయే, వైద్యులు జెను వాల్గమ్ అని పిలిచే వైకల్యం వారిలో కనిపించింది; పైగా కాళ్ల ఎముకలు గట్టిపడడానికి బదులు గుల్లబారి ఉన్నాయి. అదే ఫ్లోరైడ్ ఇక్కడ భిన్నమైన జబ్బుగా ఎందుకు మారిందన్న ప్రశ్న పరిశోధకులను బావి దగ్గర ఆగనివ్వక గిన్నెలోని జొన్న దాకా నడిపించింది. జొన్నలో మాలిబ్డినం అనే లోహం ఎక్కువైతే ఎముక నిర్మాణానికి అవసరమైన రాగి శరీరం నుంచి మూత్రంలో అధికంగా వెళ్లిపోతుందని అదే సంస్థలో జరిగిన ప్రయోగాలు సూచించాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక ఊటనీటి మట్టం పెరిగి, నేల క్షారమై, పంటలోకి మాలిబ్డినం ఎక్కువగా చేరి ఉండవచ్చన్న ఊహను కృష్ణమాచారి ముందుకు తెచ్చారు. తరువాత వచ్చిన కొందరు పరిశోధకులు ఆహారంలో కాల్షియం కొరతకే ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చారు. ఏ వాదన నెగ్గినా, జబ్బును నీటితో పాటు తిండితోనూ కలిపి చూడాలన్న పాఠం మాత్రం స్థిరపడింది.

కారణం తెలిసినంత వేగంగా నివారణ రాలేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను మడ్డిగా దించి వడకట్టే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించగా, అది నల్లగొండ టెక్నిక్ అన్న పేరుతో ఇతర దేశాలకూ పాకింది. కానీ రోజూ మోతాదు సరిచూసే మనిషి, మడ్డిని పారబోసే చోటు కావలసి రావడంతో ఊళ్లలో అది నిలదొక్కుకోలేకపోయింది. కృష్ణా, గోదావరి నీటిని ఇంటింటికీ చేర్చే మిషన్ భగీరథ 2016లో మొదలయ్యాకనే ఫ్లోరైడ్ నీటికి ప్రత్యామ్నాయం విస్తృతంగా అందింది. నెల్లూరు వర్ణనకూ దీనికీ మధ్య దాదాపు 80 ఏళ్లు గడిచాయి. ఈలోపు వంగిపోయిన ఎముకలను మంచినీరు సరిచేయలేదు.

రెండో ఉదాహరణ పెల్లాగ్రా. ఎండ తగిలేచోట చర్మం నల్లబారి పొలుసులుగా లేవడం, విరేచనాలు, మతిభ్రమణం దీని లక్షణాలు. నియాసిన్ అనే బి విటమిన్ లోపమే దీనికి మూలం. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో దీన్ని మొక్కజొన్న తినే పేదల జబ్బుగా గుర్తించారు. దక్కను పీఠభూమిలో మాత్రం జొన్న రొట్టె, గటక తినేవారిలో అది కనిపించడం చిక్కుప్రశ్న అయింది, ఎందుకంటే నియాసిన్‌గా మారగల ట్రిప్టోఫాన్ జొన్నలో మొక్కజొన్నలో ఉన్నంత తక్కువ కాదు. జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం నియాసిన్ తయారీకి అడ్డుపడుతుందని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్‌లో ప్రతిపాదించారు. ఇతర ప్రయోగశాలలన్నీ ఈ సిద్ధాంతాన్ని సమర్థించలేదు. ఏమైనా 1983లో రెండు రూపాయల కిలో బియ్యం పథకం వచ్చాక పేదల కంచంలో జొన్న స్థానాన్ని బియ్యం ఆక్రమించడం వేగమైంది, ఒకప్పుడు తరచుగా కనిపించిన పెల్లాగ్రా అరుదైపోయింది. అరుదుతనం జబ్బు సహజ లక్షణం కాదని, తిండీ ధరలూ మారితే అదీ మారుతుందని ఈ ఉదంతం చెబుతుంది.

మూడో ఉదాహరణ ఆపరేషన్ బల్ల మీద బయటపడేది. శ్వాసగొట్టం అమర్చడానికి కండరాలను కొద్ది నిమిషాలు సడలించే సక్సామిథోనియం అనే మందును రక్తంలోని బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము విరగ్గొడుతుంది. ఆ ఎంజైము లేనివారికి ఈ మందు ఇస్తే వారు గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ తప్పనిసరి అవుతుంది. వైశ్య సమాజంలో ఈ లోపానికి కారణమైన జన్యుమార్పును 2006లో వెలువడిన ఒక పరిశోధన గుర్తించింది. దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించిన హైదరాబాద్‌లోని సీసీఎంబీ జీవశాస్త్ర పరిశోధన సంస్థ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు, కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్నందువల్ల ఇలాంటి జన్యులోపాలు పేరుకుపోయే పరిస్థితి 81 సమూహాల్లో బలంగా ఉందని 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వివరించారు. ఇది ఏ కులానికీ మచ్చ కాదు. ఆపరేషన్‌కు ముందు కుటుంబ చరిత్ర అడిగి, అనుమానం ఉంటే మరో మందు వాడితే ముప్పు తప్పుతుంది.

కేసు మీద అతిగా ఆధారపడడంలోనూ ప్రమాదం ఉంది. ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే చూసి జబ్బు విస్తృతిని అంచనా కట్టలేం. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు మహబూబ్‌నగర్ సహా నాలుగు ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించి, అంధత్వం 1.84 శాతమని తేల్చగలిగారంటే జనం మధ్యకు వెళ్లి లెక్క తీయడం వల్లనే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోగులు కళ్లెదుట ఉన్నా కిడ్నీ జబ్బుకు కచ్చితమైన కారణం ఇంకా స్థిరపడలేదంటే అనుమానానికీ నిర్ధారణకూ మధ్య దూరం అర్థమవుతుంది.

ఈ నేపథ్యంలో షాద్‌నగర్ వంటి పట్టణం పాత్రను చూడాలి. హైదరాబాద్–బెంగళూరు రహదారి మీద ఉండి, 2016లో మహబూబ్‌నగర్ జిల్లా నుంచి రంగారెడ్డి జిల్లాకు మారిన ఈ పట్టణానికి ఒకవైపు మెట్ట సేద్యం, బోరు నీళ్లు, మరోవైపు కొత్తూరు, నందిగామ పరిసరాల ఫ్యాక్టరీలు ఉన్నాయి. జబ్బు ముదిరిన రోగి రాజధానిలోని పెద్దాసుపత్రికి చేరుకుంటాడు. కేసు అక్కడ నమోదవుతుంది, కారణం మాత్రం ఊళ్లో మిగిలిపోతుంది. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం చికిత్సకు ఎంపిక చేసిన ఉన్నత కేంద్రాల్లో హైదరాబాద్ సంస్థలూ ఉన్నాయి, కానీ అక్కడికి పంపవలసిన మొదటి అనుమానం పుట్టవలసింది స్థానిక ఆసుపత్రిలోనే. అక్కడి ఓపీ చీటీలో రోగి ఊరు, నీటి వనరు, పని, తిండి, మేనరికం వివరాలు రాసే ఏర్పాటు, నగరంలో తేలిన నిర్ధారణ తిరిగి ఆ ఆసుపత్రికి చేరే ఏర్పాటు కొత్త యంత్రాలు కోరేవి కావు. ఖర్చు తక్కువైన ఈ రెండు పనులను వాయిదా వేస్తూ పోతే, ఫ్లోరోసిస్ విషయంలో పోగొట్టుకున్న దశాబ్దాలను మరో జబ్బు విషయంలోనూ పోగొట్టుకోవలసి వస్తుంది.